జిల్లా గీత వేరు, ఎంపీ గీత వేరు

సంపాదకులకు,

నెల్లూరు ఎంపీ స్థానం పాత, కొత్త మెజారిటీలను పక్కపక్కన పెట్టి ‘కంచుకోట కూలింది’ అనడం రివాజైంది. ఆ లెక్క నిలవదు. 2008 నియోజకవర్గాల పునర్విభజన వరకూ అది ఎస్సీ రిజర్వుడు స్థానం. 2009 నుంచి జనరల్. అల్లూరు, రాపూరు అసెంబ్లీ స్థానాలు రద్దయ్యాయి, నెల్లూరు అసెంబ్లీ స్థానం సిటీ, రూరల్‌గా రెండుగా చీలింది. పేరు ఒకటే, ఓటర్లు వేరు.

ఇప్పుడు ఇందులో కందుకూరు, కావలి, ఉదయగిరి, ఆత్మకూరు, కోవూరు, నెల్లూరు సిటీ, రూరల్ ఉన్నాయి. నగరాన్ని ఆనుకున్న వెంకటాచలం మాత్రం సర్వేపల్లిలో ఉండటం వల్ల తిరుపతి ఎంపీకి ఓటేస్తుంది! ఒంగోలు పక్కనే ఉన్న సంతనూతలపాడుదీ ఇదే కథ, అది బాపట్ల కింద ఉంది. 2022లో జిల్లాలు మారినా ఈ ఎంపీ స్థానాల గీతలు కదలలేదు. అందుకే జిల్లావారీ మొత్తాలను ఎంపీ ఫలితంగా చూపకూడదు.

2009 తర్వాతి ఎన్నికలను పోల్చవచ్చు, 2012 ఉప ఎన్నికతో సహా. మేకపాటి రాజమోహన్‌రెడ్డి 2009లో కాంగ్రెస్ తరఫున, 2012లో వైసీపీ తరఫున గెలిచారు కనుక, అక్కడ పార్టీ ఓటును, వ్యక్తి ఓటును విడదీసి చూడాలి. ఊరి స్థాయికి వెళ్లాలంటే ఎన్నికల తుది ఫలితాల పత్రమైన ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లు దొరుకుతాయి. పోలింగ్ కేంద్రం నంబరును నమ్మొద్దు, ఓటర్ల జాబితా సవరణల్లో అది మారుతుంది. ఊరి పేరుతో జతచేయాలి. పోస్టల్ ఓట్లు విడిగా ఉంటాయి, ఏ ఊరికీ కలపరాదు.

– కొందరు ఓటర్లు, నెల్లూరు