ఆఫ్రికా పేదరికం సోమరితనం వల్ల వచ్చింది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికా దేశాలు ఎందుకు వెనకబడ్డాయో చెబుతూ ఆదివారం మీ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. నాయకుల అవినీతి, తెగల కొట్లాటలు, కష్టపడే అలవాటు లేకపోవడం కారణాలని రాశారు. మొదటి రెండూ ఉన్నాయి, కాదనను. మూడోది చదివి మనసు కష్టపెట్టుకున్నాను. కష్టపడే వయసులో ఉన్నవాళ్లను ఏరి మరీ నాలుగు వందల ఏళ్లు బానిసలుగా ఓడల్లో పట్టుకుపోయిన ఖండం అది. ఆ సంగతి వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

అట్లాంటిక్ దాటించడానికి ఓడ ఎక్కించినవాళ్లే సుమారు కోటీ పాతిక లక్షల మంది. అవతలి ఒడ్డుకు ప్రాణాలతో చేరినవాళ్లు కోటీ ఏడు లక్షలు. సహారా ఎడారి మీదుగా, ఎర్రసముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా అమ్ముడుపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.

మాది పొగాకు పండించే ఇల్లు. మేం వేసేది వర్జీనియా రకం. అమెరికాలోని ఆ వర్జీనియాకు 1619లో మొదటి ఆఫ్రికన్లను తెచ్చారు. తర్వాత తరతరాలు ఆ పంటకు చాకిరీ చేసింది బానిసలే. బ్రెజిల్ కథ ఇంకా ఘోరం. అక్కడి బహియా ప్రాంతంలో, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు పంపడానికి పనికిరాదని తీసేసిన మూడో రకం ఆకుకు చెరుకు మడ్డి పూసి, పెద్ద కట్టలుగా చుట్టి, ఇప్పటి బెనిన్ దేశంలో ఉన్న విదా రేవుకు పంపేవారు. దాన్ని ఇచ్చి మనుషుల్ని కొనేవారు. గ్రేడింగ్‌కి కూర్చుని లోగ్రేడ్ ఆకు పక్కకు వేస్తున్నప్పుడల్లా నాకు ఈ విషయమే గుర్తొస్తుంది. మన కోరమాండల్ తీరంలో నేసిన బట్టలు కూడా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్లి అక్కడ మనుషుల ఖరీదుగా చెల్లాయి.

పోయిన మనుషుల సంగతి అలా ఉంచితే, మిగిలినవాళ్ల మధ్య ఏం జరిగిందన్నది అసలు విషయం. వ్యాపారులు మా జనాన్ని, చివరికి మా బంధువుల్ని కూడా రోజూ ఎత్తుకుపోతున్నారని కాంగో రాజు అఫోన్సో 1526లోనే పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాసి మొరపెట్టుకున్నాడు. రానురాను ఇది యుద్ధఖైదీలతో ఆగలేదు. తుపాకులు లేని రాజ్యం పక్కవాడి చేతికి చిక్కుతుంది. తుపాకులు కావాలంటే మనుషుల్ని అమ్మాలి. అప్పు తీర్చలేదని అమ్మారు, లేనిపోని నేరం మోపి అమ్మారు, కొన్నిచోట్ల తెలిసినవాళ్లే, అయినవాళ్లే మోసం చేసి అమ్మారు. బానిసల కోసం దాడులు చేసే దహోమీ రాజ్యం సైనికులకు దొరక్కుండా పారిపోయినవాళ్లు బెనిన్‌లో నొకువే సరస్సు నీళ్లలో గుంజలు పాతి గాన్వియే అనే ఊరు కట్టుకున్నారు. ప్రాణం దక్కడమే గొప్పయినచోట మంచి పొలం, సంతకు దారి ఎవరు చూసుకుంటారు?

ఆర్థికవేత్త నాథన్ నన్ 2008లో ఓడల రికార్డులు ముందేసుకుని లెక్క తీశారు. ఎక్కువ మంది బానిసలుగా పోయిన దేశాలే ఈరోజు ఎక్కువ పేదవిగా ఉన్నాయని తేలింది. ముందే పేదవి కాబట్టి అక్కడ మనుషులు అమ్ముడుపోయారా అంటే అదీ కాదు. జనం దండిగా ఉన్న ప్రాంతాల మీదే ఎక్కువ దెబ్బ పడింది. బెనిన్‌లో పుట్టిన లియోనార్డ్ వాంచెకాన్‌తో కలిసి 2011లో ఆయన ఇంకో పని చేశారు. ఆఫ్రికా దేశాల్లో జనాభిప్రాయం సేకరించే ఆఫ్రోబారోమీటర్ సర్వేలో జనం చెప్పిన జవాబులు చూస్తే, బానిసల వేట ఎక్కువగా సాగిన జాతులవాళ్లు ఇప్పటికీ చుట్టాల్ని, ఇరుగుపొరుగుని, స్థానిక పాలకుల్ని తక్కువగా నమ్ముతున్నారు. ఓడలు ఆగి నూరేళ్లు దాటిపోయినా!

నమ్మకం పోతే ఎంత నష్టమో పొదుపు సంఘం లెక్కలు రాసే నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పదిమందిలో ఒకరి కిస్తీ ఆగితే మిగతా తొమ్మిదిమందీ తలా కొంత వేసి కడతారు. ఆ పూచీ మీదే బ్యాంకు అప్పిస్తుంది. దాంతో గేదె వస్తుంది, పిల్ల కాలేజీకి పోతుంది. పక్కింటి మనిషి మనల్ని అమ్మేస్తుందేమోనన్న భయం తరతరాలుగా ఉన్న ఊళ్లో ఈ సంతకాలు ఎవరు పెడతారు? చేబదులు ఎవరిస్తారు? సరుకు అరువు మీద ఎవరు తోలతారు?

ఆ తర్వాత వచ్చిన వలస పాలన చేసిన చెరుపూ తక్కువేం కాదు. అన్ని దేశాలకూ ఒకే కారణం అంటగట్టలేం, నిజమే. కానీ బ్రిటన్ 1833లో బానిసత్వం రద్దుకు చట్టం చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు ఇచ్చింది. బానిసలకు పైసా దక్కలేదు. అందుకోసం చేసిన అప్పు 2015లోగాని తీరలేదు. ఇది ఎప్పుడో అయిపోయిన పాతకథ అని ఎలా అంటాం?

ఆ వ్యాసంలోని మూడో కారణం తప్పని మీ పత్రికలో ఒక సవరణ వేయండి. బానిస వ్యాపారానికి బలైనవాళ్లను స్మరించుకోవడానికి ఐక్యరాజ్యసమితి మార్చి 25ని కేటాయించింది. ఈసారి ఆ రోజు విదా రేవు గురించో గాన్వియే గురించో మా పిల్లలు చదివేలా అర పేజీ అయినా ఇవ్వండి.

- ఒక పాఠకురాలు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా