బ్రేక్ పెడల్ మళ్ళీ పైన నిలబడింది: సాయం చేసినవాళ్ళందరికీ కృతజ్ఞతలు

నాలుగు నెలల పాటు నన్ను వేధించిన బ్రేక్ సమస్య తీరి ఇప్పటికి రెండు నెలలైంది. అప్పుడే రాద్దామనుకున్నాను. కానీ అంతకుముందు మూడుసార్లు తీరిపోయిందనుకున్న సమస్యే మళ్ళీ వచ్చింది కాబట్టి, ఈసారి బాగా నమ్మకం కుదిరాకే రాయాలని ఆగాను. ఇప్పుడు కుదిరింది.

మొదటి నమస్కారం మా నాన్నగారి స్నేహితుడికి, నేను చిన్నప్పటి నుంచి బాబాయి గారని పిలిచే పెద్దాయనకి. ముప్పై ఏళ్ళకు పైగా బండ్ల కింద పడుకుని పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కనుక రాయడం లేదు.

మాది నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న పాత కారు. నాన్నగారు నడిపిన బండి, అందుకే వదులుకోబుద్ధి కాదు. వెనక చక్రాలకు కొత్త షూలు (చక్రంతో తిరిగే డ్రమ్ము లోపలి గోడకు ఆని బండిని ఆపే వంపు పలకలు) వేయించి, డ్రమ్ముల లోపలి గోడ నున్నగా కోయడానికి లేత్ మీద తిప్పించాక వారం, పది రోజులు బాగానే ఉంది. తర్వాత పెడల్ మెత్తబడింది. రోజురోజుకీ కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ, చివరికి నేలకు రెండు వేళ్ళ ఎత్తులో గానీ బ్రేక్ పట్టని స్థితికి వచ్చింది. వర్క్‌షాప్‌లో చూపిస్తే బ్రేక్ ఫ్లూయిడ్ పోయే గొట్టాల్లో, అంటే లైన్లలో గాలి చేరిందన్నారు. షూలు టైట్ చేసి, బ్లీడింగ్ చేసి, అంటే లైన్లలోని గాలి తీసేసి పంపారు. బాగైంది. పది రోజులకు మళ్ళీ అదే. ఇలా మూడుసార్లు జరిగింది. మధ్యలో, పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాల దాకా నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వేయించాను. చివరికి బండిని ఇంటి ముందు ఆపేసి, ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అమ్మను కూర్చోబెట్టుకుని ఆ పెడల్‌ని నమ్మి నడపడానికి నాకు ధైర్యం చాలలేదు.

బాబాయి గారు వచ్చి బానెట్ ఎత్తలేదు, చక్రం విప్పలేదు. ముందు నన్నొక ప్రశ్న అడిగారు.

"మెత్తగా అంటున్నావు. ఎలాంటి మెత్తన నాయనా? స్పాంజి తొక్కినట్టా, ఉందనుకున్న మెట్టు లేక కాలు దిగిపోయినట్టా, తొక్కిపట్టుకుంటే మెల్లగా జారుతున్నట్టా?"

నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు లేరు. నాకై నేను వేసుకోనూ లేదు. మూడింటికీ మూడు వేరువేరు కారణాలని ఆయన చెప్పాకే తెలిసింది. బ్రేక్ ఫ్లూయిడ్ నొక్కితే కుంచించుకోదు, గాలి కుంచించుకుంటుంది. అందుకే లైన్లో గాలి ఉంటే పెడల్ స్పాంజిలా సాగుతుంది. తొక్కిపట్టుకున్నప్పుడు జారిపోతోందంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు దాటి ఫ్లూయిడ్ వెనక్కి పోతోంది, లేదా ఎక్కడో బయటికి కారుతోంది. ఇక కాలు లోతుగా దిగి, చివర్లో గట్టిగా తగులుతోందంటే షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ పెరిగింది. మాస్టర్ ఒక తొక్కుకు పంపగలిగే ఫ్లూయిడ్ అంతా ఆ ఖాళీని పూడ్చడానికే అయిపోతుంది.

నన్ను సీట్లో కూర్చోబెట్టి ఒకసారి తొక్కమన్నారు. నేల దాకా పోయింది. "వదిలి, వెంటనే మళ్ళీ తొక్కు." రెండోసారి పెడల్ సగం పైనే ఆగింది, రాయిలా. గాలి ఉన్నా పంప్ చేస్తే పెడల్ కొంత పైకి వస్తుందట, కానీ పైకి వచ్చాక కూడా సాగుతూనే ఉంటుందట. ఇది సాగలేదు. అలాగే నిమిషం పాటు తొక్కిపట్టుకోమన్నారు. వెంట్రుకవాసి కూడా జారలేదు. "గాలి కాదు, మాస్టరూ కాదు" అన్నారు. ఆ మాటతో నాలుగు నెలల టెన్షన్‌లో సగం దిగింది.

అయినా ఆయన ఊహతో ఆగలేదు. కారును స్టాండ్ల మీద నిలబెట్టి, రబ్బరు గొట్టాలను మూయడానికే చేసిన నున్నటి క్లాంపులు తీశారు. ముందు రెండు చక్రాలకు రెండు గొట్టాలు, వెనక ఇరుసుకు ఒకటి. మూడూ మూస్తే పెడల్ పైనే గట్టిగా నిలబడింది. ముందు ఎడమది వదిలారు, మార్పు లేదు. కుడిది వదిలారు, మార్పు లేదు. వెనకది వదలగానే నా కాలు సర్రున కిందికి పోయింది. ఆ క్షణం నేను మరిచిపోను. ఒక్క బోల్టు విప్పకుండా, జబ్బు వెనక ఇరుసు దగ్గరుందని నా పాదానికే తెలిసింది. (ఎవరైనా చేస్తే ఒక జాగ్రత్త: మామూలు పట్టకారుతో గొట్టాన్ని నలపకూడదు, పగుళ్ళు వచ్చిన పాత గొట్టాలకు అసలు పెట్టకూడదు. మావి కొత్తవి కాబట్టే పెట్టారు.)

డ్రమ్ములు ఊడదీశాం. లోపలి పొడిని ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టారు. పాత లైనింగుల్లో (షూ మీద అతికించే, అరిగే పొరల్లో) ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని తడిగుడ్డతో తుడిపించారు. షూలను డ్రమ్ముకేసి నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు టోపీలు కొద్దిగా ఎత్తి చూస్తే చెమ్మ లేదు, అంటే ఫ్లూయిడ్ కారడం లేదు. అప్పుడాయన కింద, రెండు షూల మధ్య ఉండే పళ్ళ చక్రం అడ్జస్టర్‌ని బయటికి తీసి, వెలుతురుకు పట్టి, మర ఎటు తిరిగిందో చూశారు. రెండో పక్కదీ చూశారు. "ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ వేశారు నాయనా."

మా కారులో షూలు అరిగేకొద్దీ బ్రేకులు వాటంతటవే సర్దుకుంటాయి. వెనక్కి పోతూ బ్రేక్ వేసినప్పుడు షూ కొంచెం తిరుగుతుంది. అప్పుడు ఒక లీవరు ఆ పళ్ళ చక్రాన్ని తిప్పి, అడ్జస్టర్‌ని పొడవు చేసి, ఖాళీని తగ్గిస్తుంది. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు ఒకదానికొకటి ఎదురు. తారుమారైతే అదే లీవరు వాటిని పొట్టి చేస్తుంది, ఖాళీ పెరుగుతుంది. మా ఇంటి గేటు లోంచి నేను రోజూ కారును రివర్స్‌లోనే తీసి, బ్రేక్ వేసి, తిప్పుకుంటాను. అంటే ప్రతి ఉదయం నా చేత్తో నేనే బ్రేకుల్ని వదులు చేస్తున్నానన్నమాట! బ్లీడింగ్ చేసిన ప్రతిసారీ బాగైనట్టు కనిపించడానికి కారణం కూడా అదే. నయం చేసింది బ్లీడింగ్ కాదు, దానికి ముందు చేత్తో షూలు టైట్ చేయడం.

అడ్జస్టర్లు సరిగా మార్చాక పెడల్ పైకి వచ్చింది. నాకైతే అది చాలనిపించింది. ఆయన మాత్రం తొక్కి చూసి, "ఇంకా కొంచెం స్ప్రింగులా ఉంది" అన్నారు. లైనింగ్ మీద సుద్దముక్క రుద్ది, షూని చేత్తోనే డ్రమ్ములో పెట్టి అటూ ఇటూ కదిపారు. తీసి చూస్తే మధ్యలో అరచేయంత మేర సుద్ద చెరిగింది, రెండు చివర్లా తెల్లగా అలాగే ఉంది. లేత్ మీద తిప్పాక డ్రమ్ము వంపు పెద్దదైంది, షూ వంపు పాతదే. మధ్యలోనే ఆనుతుంది కాబట్టి ఒత్తిడి పడ్డప్పుడు షూ వంగుతుంది. ఆ వంగడమే కాలికి మెత్తగా తెలుస్తుంది. ఎన్నిసార్లు గాలి తీసినా పోని మెత్తదనం ఇదే.

ఇక్కడ రెండో కృతజ్ఞత, లేత్ పనిచేసే అన్నకి. డ్రమ్ముల లోపలి కొలత నాలుగైదు చోట్ల తీసి, డ్రమ్ము మీద పోతపోసి ఉన్న గరిష్ఠ కొలతతో పోల్చి, ఇంకా హద్దులోనే ఉన్నాయని నాకు చూపించి, అప్పుడే షూల లైనింగుల్ని డ్రమ్ము వంపుకు సరిపోయేలా సాన పట్టాడు. హద్దు దాటి ఉంటే ఈ పని చేయనని ముందే చెప్పాడు. ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు గౌరవం.

మూడో కృతజ్ఞత మా చెల్లికి. ఎలాగూ విప్పాం కదా అని నల్లబడిన పాత ఫ్లూయిడ్ మొత్తం తీసేశాం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తొందరగా మరుగుతుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140 డిగ్రీలే. ఆ సాయంత్రమంతా చెల్లి సీట్లో కూర్చుని "తొక్కు... పట్టుకో... ఇప్పుడు వదులు" అన్న మూడు మాటలకు విసుగు లేకుండా కాలు ఆడించింది. నేను చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిపుల్ బిగించేదాకా ఒక్కసారి కూడా పెడల్ వదల్లేదు. వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోయేది.

బాబాయి గారు వెళ్ళేముందు ఒక చెక్కపుల్లని పెడల్ పక్కన నిలబెట్టి, తొక్కినప్పుడు పెడల్ ఎక్కడ ఆగుతోందో అక్కడ పెన్సిలుతో గీత గీశారు. "వారానికోసారి చూసుకో. గీత దిగితే నాకు ఫోన్ చెయ్యి." ఆ పుల్ల ఇప్పటికీ డ్రైవర్ సీటు కిందే ఉంది. ఇవాళ పొద్దున కారు రివర్స్‌లో తీసి, బ్రేక్ వేసి, పుల్ల పెట్టి చూశాను. పెడల్ గీత దగ్గరే ఆగింది. ఆదివారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆయనింటికే వెళ్తున్నాం.