వెంట వచ్చే మనిషి ఖర్చు కూడా లెక్కలో రాయండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది నల్గొండ, బస్టాండు దగ్గర చిన్న జిరాక్స్ షాపు. మా అక్కకు డిప్రెషన్. రెండేళ్లలో మూడు రకాల మందులు మార్చినా మంచం దిగలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరు ఆర్‌టీఎంఎస్ రాశారు. తలకు అయస్కాంతపు చుట్ట ఆనించి, మెదడులో మందగించిన చోటును తట్టిలేపే చికిత్స ఇది. మత్తు అక్కర్లేదు. వడ్రంగిపిట్ట చెట్టును పొడిచినట్టు టకటకమని ఒకటే చప్పుడు. అక్క చెవులకు ప్లగ్గులు పెట్టుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చునేది.

వారానికి 5 రోజులు, 6 వారాలు. సెషన్‌కు 1,500 చొప్పున 45,000 రూపాయలు. ఇది బిల్లులో ఉన్న లెక్క. పొద్దున 5 గంటల బస్సు, సాయంత్రం దాకా షాపుకు తాళం, దారిలో టిఫిన్లు మాత్రం ఏ బిల్లులోనూ లేవు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యమా అని అక్కకు టికెట్ లేదు. వెంట వెళ్లే తమ్ముడికి ఉంది! షాపు నష్టం, చార్జీలు కలిపితే చికిత్స ఖర్చుకు దగ్గరగా వచ్చాయి. అయినా బాధ లేదు. నాలుగో వారంలో ఒకరోజు అక్క ఎవరూ చెప్పకుండానే జడ వేసుకుంది.

ఆరోగ్యశ్రీ 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ ఆ కార్డు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇది పడక అక్కర్లేని వైద్యం.

మిషను ఖరీదని అధికారులు అనొచ్చు. 2018లో కెనడాలో 400 మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్షలో, ఆర్‌టీఎంఎస్‌లో 37 నిమిషాల పాత పద్ధతికి 3 నిమిషాల కొత్త పద్ధతి తీసిపోదని తేలింది. కూర్చోబెట్టి సర్దడానికి పావుగంట వేసుకున్నా, గంటకు ఒక్కరు అయ్యే చోట ముగ్గురవుతారు. అదే మిషను, అదే టెక్నీషియను.

కరెంటు షాక్ చికిత్స (ఈసీటీ) సంగతి కూడా చెప్పాలి. ఆ మాట వినగానే మా అమ్మ ఏడ్చేసింది. నిజానికి అన్నం నీళ్లు మానేసినవాళ్లకు, ప్రాణం తీసుకోవాలని చూసేవాళ్లకు ఈసీటీయే గట్టి వైద్యం. మామూలుగా 6 నుంచి 12 సార్లతో అయిపోతుంది. కొందరికి జ్ఞాపకశక్తి ఇబ్బంది పెడుతుంది, అదీ దాచకూడదు. మత్తు లేకుండా ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. రెండు చికిత్సలు పనిచేయకపోతే ఈసీటీకి వెళ్లడం పెట్టిన ఖర్చుకు తగ్గదేనని 2018లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు లెక్కగట్టారు. మా ఇళ్లల్లో అది గుర్తొచ్చేది అప్పులన్నీ అయ్యాక. దీనికి ముఖ్యంగా కావాల్సింది మత్తు డాక్టరు టైము.

ముందు ఒక్క ఉమ్మడి జిల్లాలో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఆర్‌టీఎంఎస్, ఈసీటీ రెండూ ఏడాది నడిపి చూడండి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు అన్నది బయటపెట్టండి. అందులో వెంట వచ్చినవాళ్ల కూలీ కూడా రాయించండి.

అక్కకు మళ్లీ కొన్ని సెషన్లు కావాల్సి రావచ్చని డాక్టరు అన్నారు. నల్గొండలోనే ఉంటే మధ్యాహ్నం భోజనం వేళ తీసుకెళ్లి, గంటలో వచ్చి షాపు తెరుచుకుంటాను.

ఇట్లు,
నల్గొండ నుంచి ఒక తమ్ముడు