పులస పెట్టె ఇచ్చిన బాబుకు

రాత్రి పదకొండు దాటింది. మావారు ఇప్పుడే కళ్ళు మూశారు. ఒళ్ళంతా సెగలని రెండుసార్లు చొక్కా విప్పించుకున్నారు, మళ్ళీ చలి అన్నారు, దుప్పటి కప్పాను. హార్మోను ఇంజెక్షను పడ్డ మగవాళ్ళకు ఇలాగే ఉంటుందట. నేను యాభైలో పడ్డ బాధ ఈయన అరవై నాలుగులో పడుతున్నారు. ఈ నాలుగు ముక్కలూ రేపు రాద్దామంటే రేపటికి ఇంకో పని వచ్చి పడుతుంది, అందుకే ఇప్పుడే కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివారికి ముందు సంగతి చెప్పాలి. మాది కొబ్బరి వ్యాపారం. గత ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఈయనకు నడుము నొప్పి మొదలైంది. దింపు రోజున కాయల బస్తా ఎత్తినప్పుడు పట్టేసి ఉంటుందనుకున్నాం. నాలుగు నెలలు తైలాలు, బిళ్ళలు, నడుముకు బెల్టు. రాత్రిళ్ళు ఒంటికి వెళ్ళడానికి నాలుగైదుసార్లు లేచేవారు, అది వయసులే అనుకున్నాం. ఇంతమందికి చూపించాం కదా, ఆ రెండింటినీ కలిపి చూసినవారు ఒక్కరూ లేరు. చివరకు కాకినాడలో ఒక డాక్టరు పీఎస్ఏ అని రక్త పరీక్ష రాశారు. 4 లోపు ఉండవలసింది 312 వచ్చింది. ప్రొస్టేట్ క్యాన్సర్, అంటే మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథిలో వచ్చేది. అప్పటికే వెన్నుపూసల్లోకి, కటి ఎముకల్లోకి పాకింది. స్కానులో ఆ చోట్లన్నీ నల్లగా, పండిన నేరేడు పళ్ళు చిదిమినట్టు కనిపించాయి. పూర్తిగా నయం చేయలేము, అదుపులో పెట్టగలము అన్నారు. ఆ మాటకు నేను ఏడవలేదు. ఇంటికి వచ్చి వంట చేశాను.

అప్పటి నుంచి మూడు నెలలకు ఒకసారి ఆ హార్మోను ఇంజెక్షను. రోజూ పరగడుపున నాలుగు అబిరటెరాన్ మాత్రలు, అవి వేసుకున్నాక గంట దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. కాఫీ లేకుండా ఆ గంట గడపడం ఈయనకు క్యాన్సర్ కంటే పెద్ద కష్టం. మధ్యలో రాజమండ్రిలో పది రోజులు వెన్నుకు రేడియేషను. నొప్పి తగ్గింది, పీఎస్ఏ 2కు దిగింది. కానీ వెన్నుకు కుదుపు తగలకూడదన్నారు. కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా పరుగెత్తుకు రమ్మన్నారు. మాది లంక గ్రామం, చుట్టూ గోదావరి పాయలే. వరదొస్తే ఊరికి దారైన కాజ్‌వే మునిగిపోతుంది. ఇక్కడికి పరుగెత్తేది నీళ్ళే.

సరిగ్గా ఇంజెక్షను వారంలోనే గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా వీధి చివర నీళ్ళు, మూడు రోజులుగా కరెంటు లేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే, రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు, వారాలు మాత్రం జరపవద్దు, పడవలో మనిషిని కదపకండి, మందు తీసుకెళ్ళి అక్కడే నర్సుతో చేయించండి అన్నారు. సరేనని నేను ఒక్కదాన్నే పడవెక్కి ఆసుపత్రికి వెళ్ళాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు అన్నం సహించదు. మాకు ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది. కార్డు మీద మందు ఇవ్వాలంటే రోగి వచ్చి వేలిముద్ర వేయాలన్నారు. వరద ఫొటోలు చూపించాను. రేడియేషను కాగితాలు చూపించాను. కౌంటరులో అమ్మాయి పాపం మంచిదే, "నేనేం చేయను ఆంటీ, వేలిముద్ర లేకపోతే కంప్యూటర్ ముందుకు వెళ్ళదు" అంది. వెన్నులో జబ్బున్న మనిషిని ఏరు దాటించి తెస్తే తప్ప ఆ కంప్యూటర్‌కు నమ్మకం కుదరదు. మూడు గంటలు నిలబడి, చివరకు సొంత డబ్బుతో కొన్నాను. పదివేలు దాటింది. మా లంకకు వంతెన సంగతి సరేసరి, ప్రతి వరదకూ నాయకులు వచ్చి గట్టు మీద నిలబడి కడతామని చెప్పి వెళతారు.

ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దుకాణంలో రెండు చల్లటి జెల్ ప్యాకెట్లు పెట్టి ఇచ్చారు. రావులపాలెం, కొత్తపేట మీదుగా బస్సు ఈడ్చుకుంటూ వచ్చింది. పి.గన్నవరంలో ఏటి మీదుగా కాలువను దాటించే, డొక్కా సీతమ్మ గారి పేరున్న అక్విడక్టు దగ్గర దిగి ఏటిగట్టుకు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. గాలి లేచింది, పడవలు ఆపేశారు, మళ్ళీ పొద్దున్నే అన్నారు. సంచిలో చెయ్యి పెట్టి చూస్తే జెల్ ప్యాకెట్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల కరెంటు లేదు కాబట్టి ఫ్రిజ్ మాటే లేదు. గట్టు మీద అలాగే కూలబడ్డాను.

పక్కన ఒక పులసల వ్యాపారి థర్మోకోల్ పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో. "చేప కావాలా అమ్మగారూ" అన్నాడు. కాదు బాబూ, ఐసు ఉంటే కొంచెం ఇస్తావా అన్నాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. అతను మాట్లాడలేదు. పెట్టె మూత తీసి, రెండు పులసలు ఉంటే రెండూ బయటికి లాగి తడి గోనెలో చుట్టి పక్కన పడేశాడు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళు మావి. ఆ రెండు చేపల ఖరీదు నా ఇంజెక్షను ఖరీదుకు ఏమంత తక్కువ కాదు. పులస దొరికే ఎర్రనీళ్ళ సీజను ఉండేది ఎన్నాళ్ళని?

నేను మందు డబ్బాను నేరుగా ఐసులోకి దోపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఐసుకు ఆనకూడదండీ, గడ్డ కట్టిందంటే మందు పాడైపోద్ది. మా అమ్మకు ఇన్సులిన్ తెస్తుంటాను." పాత ఐసంతా గట్టు మీద గుమ్మరించాడు. అందులో ఉప్పు వేశాడట, ఉప్పు పడ్డ ఐసు మరీ చల్లబడుతుందట. పక్క బండి దగ్గర సోడా సీసాలకు పెట్టుకున్న మంచి ఐసు అడిగి తెచ్చాడు. కర్రతో చితక్కొట్టి అడుగున పరిచాడు. దాని మీద మడతపెట్టిన పేపరు, ఆ మీద తన తువ్వాలు. మందు డబ్బాను పాలిథిన్ కవరులో పెట్టి, మూతి రెండుసార్లు మెలిపెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఆ తువ్వాలు మధ్యలో పడుకోబెట్టాడు. అవును, పడుకోబెట్టాడనే అనాలి. పైన ఇంకో పేపరు, మళ్ళీ ఐసు, మూత. అంతసేపూ ఆ గోనెలో చేపలకేసి ఒక్కసారి కూడా చూడలేదు. డబ్బులు తీస్తే, "పెట్టె నాదే కదండీ, ఎక్కడికి పోద్ది" అని మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

గట్టు పక్క బడి వరండాలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దోమలు. రాత్రి పది దాటాక మోపెడ్ చప్పుడు వినిపించింది. టార్చి వెలుగు పడింది. అదే మనిషి, హ్యాండిల్‌కు కట్టిన గోనెసంచి నుంచి నీళ్ళు కారుతున్నాయి. "తెల్లారేదాకా ఆ ఐసు ఆగదనిపించిందండీ." జనరేటరు నడుస్తున్న ఐసు ఫ్యాక్టరీ ఎక్కడో ఉంటే అక్కడి దాకా వెళ్ళి తెచ్చాడట. ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చున్న మనిషికి నా పెట్టెలో ఐసు గుర్తుకొచ్చింది. నీళ్ళు వంచేసి, మళ్ళీ మొదటి నుంచి పరిచాడు.

అప్పుడు ఏడ్చాను. రోగం పేరు విన్నప్పుడు ఏడవలేదు, రేడియేషను గది బయట ఏడవలేదు, పొద్దున కౌంటరు దగ్గర కోపమే తప్ప కన్నీళ్ళు రాలేదు. ఆ వరండాలో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, చంటిపిల్లలా ఏడ్చాను. అతను కంగారుపడి, మందు పాడైందేమో అనుకుని, డబ్బా తీసి టార్చి వేసి చూశాడు. కాదని చెయ్యి ఊపాను. "ఆయ్, అయితే పడుకోండి" అని వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు. ఏడుపులో అడగడం తోచలేదు. ఇప్పుడు అదే సిగ్గుగా ఉంది.

పొద్దున మొదటి పడవకు ఇల్లు చేరాను. వాకిట్లో పెట్టె దించగానే మంచం మీద నుంచి ఈయన, "పులస తెచ్చావా?" అన్నారు. ఆరు నెలల్లో నోరు తెరిచి తిండి పేరు ఎత్తడం అదే మొదలు. ఇంజెక్షను అని చెబితే మొహం అటు తిప్పుకున్నారు.

మా అబ్బాయి, కోడలు, అమ్మాయి, మా తోడికోడలు అందరూ చేశారు, చేస్తూనే ఉన్నారు. ఇంటివాళ్ళకు వేరే చెప్పేదేముంది.

ఆ బాబూ, ఇది నీ దాకా చేరుతుందో లేదో తెలియదు. వరద తీసాక రెండుసార్లు గట్టుకు వచ్చాను, కనిపించలేదు. తువ్వాలు ఉతికి మడిచి పెట్టాను. పెట్టెను చింతపండుతో తోమినా వాసన పోలేదు. మూలన విరిగినచోట నువ్వు వేసిన గోధుమరంగు టేపు ఊడింది, కొత్తది వేశాను. పి.గన్నవరం చుట్టుపక్కల పులసలు అమ్మే, తల్లికి ఇన్సులిన్ తెచ్చే మనిషి ఎవరికైనా తెలిస్తే దయచేసి ఈ మాట చెప్పండి.

అయ్యో, అసలు ఇంజెక్షను చేసిన నర్సమ్మను మరిచాను! మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చింది, పొడీ ద్రవమూ కలిపే పద్ధతి కాగితం మీద రెండుసార్లు చదివి మరీ చేసింది. కాఫీ కూడా తాగలేదు. ఇంకా, తన ఐసు ఇచ్చేసిన సోడా బండి ఆయన. బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఇచ్చిన కాలేజీ పిల్ల. బడి వరండా తాళం తీసిన వాచ్‌మన్. పడవలో పెట్టెను ఎండ తగలకుండా తన గొడుగు కింద పెట్టుకున్న ముసలాయన, ఆయన మాత్రం దారి పొడుగునా చేప ఎంతకు కొన్నావమ్మా అని అడుగుతూనే ఉన్నారు, నేను చెప్పలేదు. ఇంకా ఎవరినో మరిచాను, గుర్తొస్తే రాస్తాను. ఈయన లేచినట్టున్నారు.