ఎస్కార్టు వచ్చేదాకా పుండు ఆగుతుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లా పేజీలో జైలు గురించి వచ్చే వార్తలు నాకు తెలిసి రెండు మూడు రకాలే. ఖైదీ పారిపోతే ఒకటి, జైళ్ళ శాఖ పెట్రోలు బంకులో అమ్మకాలు బాగున్నాయని ఒకటి, గాంధీ జయంతికి పండ్లు పంచారని ఫొటోతో ఇంకొకటి. లోపల జబ్బు చేసిన మనిషిని ఎవరు చూస్తారు, ఏ మందు ఇస్తారు అన్నది, ఆ మనిషి చనిపోయాక తప్ప, ఎవరూ రాయగా నేను చూడలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కోసినా పర్వాలేదు గానీ ఎస్కార్టు, అంటే ఖైదీని బయటికి తీసకపోయేటప్పుడు తోడు రావాల్సిన పోలీసు కాపలా, దాని గురించి రాసింది మాత్రం కొయ్యొద్దు.

నేను కావలిలో ఒక మందుల షాపులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నా. మా అక్క భర్తకి, అంటే మా బావకి, యాభై రెండేళ్ళు, షుగరు చాన్నాళ్ళ నించి వుంది, పూటపూటా ఇన్సులిన్ వేసుకోవాలి. నిరుడు రొయ్యల గుంట నీళ్ళు పక్కోళ్ళ వరి చేలోకి పోయాయని గొడవైంది, మాటా మాటా పెరిగి రెండువైపులా తలలు పగిలాయి, రెండువైపులా కేసులు పెట్టుకున్నారు. ఎవరిది తప్పో కోర్టు తేలుస్తుంది, దాని గురించి నేను రాయను. రిమాండుకి పంపారు. ఏ జైలో కూడా రాయను, అక్కడ పనిచేసే వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మాకు మంచే చేశారు.

మొదటి రోజే ఇన్సులిన్ పెన్ను గుడ్డలో చుట్టి, ఐసుముక్కలేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, డాక్టరు చీటీతో సహా గేటు దగ్గరికి పోయాను. "బయటి మందులు లోపలికి పంపేదానికి లేదు" అన్నారు. నాకు కోపం రాలేదు, నిజం చెప్తున్నా. మందుల పేరుతో గంజాయి, మత్తు బిళ్ళలు పోకుండా చూడాల్సిన బాధ్యత వాళ్ళది, ఆ రూలు అందుకే వుంది. కానీ బయటిది వద్దన్నప్పుడు లోపల ఇవ్వాలి కదా. లోపల స్టాకు లేదని బిళ్ళలు ఇచ్చారు. బిళ్ళలతో షుగరు దిగకే గదా ఆయనకి ఇన్సులిన్ రాసింది! ఆరో రోజుకి కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు. చెప్పు కరిచిందనుకున్నాడంట.

జైలు డాక్టరు చూశాడు. ఆయన్ని తప్పు పట్టను, చూసిన రోజే పెద్దాసుపత్రికి తీసకపోమని రాశాడు. అక్కడే అసలు కథ మొదలైంది. ఖైదీని బయటికి తీసకపోవాలంటే జైలు వార్డర్లు చాలరు, జిల్లా ఎస్పీ గారి కింద వుండే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులు రావాలి. దాన్నే ఎస్కార్టు అంటారు. జైలు నించి కాయితం పోవాలి, అక్కడ మనుషులు ఖాళీగా వుండాలి, బండి వుండాలి. ఆ వారం రొట్టెల పండగ, నెల్లూరు దర్గామిట్టలో లక్షల జనం, పోలీసులంతా బందోబస్తులోనే. తర్వాత ఎవరో మంత్రి గారి పర్యటన. మా అక్క ములాఖత్‌కి పోయినప్పుడల్లా ఒకటే మాట, "ఎస్కార్టు దొరకలా అమ్మా, రేపు చూస్తాం". రేపు, రేపు అంటూ తొమ్మిది రోజులు. ఈలోగా వాయిదా వచ్చింది గానీ దాన్నీ వీడియోలోనే కానిచ్చారు. జడ్జి గారికి టీవీలో మా బావ ముఖం కనిపించింది, కాలు కనిపించలేదు.

పంతొమ్మిదో రోజు బెయిలు మీద బయటికొచ్చాడు. వచ్చిన నాలుగో రోజు వేలు తీసేశారు.

దీన్ని విధిరాత అని వదిలేద్దామని మా ఇంట్లో అందరూ అన్నారు. నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను మందులు అమ్మేవాణ్ణి, ఆ తొమ్మిది రోజుల్లో ఏమైవుంటుందో నాకు తెలుసు. అందుకని చట్టాలు వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఆశ్చర్యం, ఎందుకంటే అన్నీ వున్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత జైలు గేటు దగ్గరే పుట్టిందేమో అనిపించింది.

తెల్లవాళ్ళ కాలం నాటి జైళ్ళ చట్టం, 1894ది, మన జైళ్ళకి చాన్నాళ్ళుగా అదే ఆధారం. ప్రతి జైల్లో ఆసుపత్రో, రోగుల్ని ఉంచే తగిన చోటో వుండాలని 39వ సెక్షన్. డాక్టర్ని చూడాలన్న ఖైదీ పేరు ఆలస్యం చెయ్యకుండా జైలరుకి చెప్పాలని 37. వీటన్నిటికన్నా నాకు నచ్చింది 38. డాక్టరు ఒక ఖైదీ గురించి, మందులు ఇవ్వమన్నది తప్ప, ఏం చెయ్యమని చెప్పినా అది ఆ ఖైదీ హిస్టరీ టికెట్‌లో, అంటే ఆ మనిషి వివరాలు రాసే జైలు కార్డులో, రాయాలి, దాని పక్కనే జైలరు ఆ పని జరిగిందా లేదా అని రాసి తారీకు వెయ్యాలి. అంటే డాక్టరు 'పెద్దాసుపత్రికి పంపండి' అని రాస్తే, పక్కన 'పంపాం' అనో 'పంపలేదు' అనో జైలరు రాసి ఒప్పుకోవాలి. నూట ముప్పై ఏళ్ళ కింద రాసిన గడి అది! దాన్ని నిజంగా నింపితే 'రేపు చూస్తాం' అనే మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు.

సుప్రీంకోర్టు సంగతి తీసుకుంటే, 1974లోనే మన విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసులో, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పింది. 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రాణాపాయంలో వున్న మనిషి నేరస్థుడైనా కాకపోయినా ముందు కాపాడాల్సిందే అంది. 1996లో బెంగాల్‌లో రైల్లోంచి పడ్డ ఒక కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపిస్తే, అది 21వ అధికరణం కింద జీవించే హక్కుని కాలరాయడమేనని, డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోలేదని తీర్పిచ్చింది. డబ్బు లేదన్నదే చెల్లనప్పుడు ఎస్కార్టు లేదన్నది ఎట్లా చెల్లుతుంది? కస్టడీలో వున్న మనిషి ఆరోగ్యం చూసుకోవాల్సింది ఎవరి అధీనంలో వున్నాడో వాళ్ళేనని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 56వ సెక్షన్ కూడా చెప్తోంది. ప్రతి మూడు వందల మంది ఖైదీలకి ఒక డాక్టరు వుండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్. నెల్లూరు చెముడుగుంట సెంట్రల్ జైలు, ఒంగోలు జిల్లా జైలు, మిగతా సబ్‌జైళ్ళలో ఈ లెక్క ఎక్కడ ఎంత వుందో జిల్లా అధికారులు మీ పత్రికలోనే ఒక ప్రకటన ఇస్తే బాగుంటుంది, అడగండి.

ఇది చదివి కొందరు ఏమంటారో నాకు తెలుసు, మా షాపు ముందు కూర్చునే పెద్దాయన కూడా అన్నాడు. "తప్పు చేసి లోపలికి పోయినోడికి రాజభోగాలు కావాల్నా?" అని. అయ్యా, మన దేశంలో జైళ్ళలో వున్న వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే తప్పు చేశారని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలిన వాళ్ళకైనా కోర్టు వేసింది జైలు శిక్ష, కాలు తీసే శిక్ష కాదు. బయట వున్నోడు ఒక ఆసుపత్రి కాకపోతే ఇంకోదానికి పోతాడు, అప్పో సప్పో చేస్తాడు. లోపల వున్నోడికి తలుపు మన చేతిలో వుంది.

పెద్దవాళ్ళకి ఈ హక్కు బాగానే అందుతుంది. 2023 అక్టోబరు 31న జైల్లో వున్న చంద్రబాబు నాయుడు గారికి, కంటి ఆపరేషను చేయించుకోవాలంటే, ఆరోగ్య కారణాల మీద హైకోర్టు నాలుగు వారాల మధ్యంతర బెయిలిచ్చింది. అది తప్పని నేను అనను, కంటి ఆపరేషను ఎవరికైనా కంటి ఆపరేషనే. అదే మన అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ సాయిబాబా, తొంభై శాతం వైకల్యం, చక్రాల కుర్చీ, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో ఏళ్ళ తరబడి నాగపూర్ జైల్లో వుండి 2024 మార్చిలో నిర్దోషిగా బయటికొచ్చి, లోపల సరైన వైద్యం అందలేదని చెప్పి, అక్టోబరులో నిమ్స్‌లో చనిపోయాడు. ఆయన రాజకీయాలు మీకు నచ్చకపోవచ్చు, వైద్యానికి దానికీ ఏం సంబంధం? ఇక మా బావ లాంటి వాళ్ళకి హైకోర్టు దాకా పోయే లాయరూ లేడు, పేరు రాసే విలేకరీ లేడు.

నేను అడిగేది పెద్ద పెద్ద సంస్కరణలు కాదు. కోర్టు వాయిదాలు వీడియోలో జరుపుతున్నారు కదా, దానివల్ల కోర్టు ఎస్కార్టు డ్యూటీలు తగ్గినట్టే. ఆ మిగిలిన మనుషులు యాడికి పోతున్నారు? రోజూ ఒక బండి, నలుగురు పోలీసులు ఆసుపత్రి ఎస్కార్టుకే అని కేటాయిస్తే, బందోబస్తు రోజుల్లో కూడా వాళ్ళని కదపకపోతే, సగం సమస్య తీరుతుంది. ఇన్సులిన్, మూర్ఛ మందులు, టీబీ మందులు ఒక్కపూట కూడా ఆపకూడనివి, అవి జైల్లో ఎప్పుడూ వుండాలి, లేకపోతే ఆ రోజుకి ఇంటివాళ్ళు తెచ్చిన, సీలు తియ్యని మందుని జైలు డాక్టరు చూసి తీసుకోవాలి.

ఇంట్లో ఎవరైనా రిమాండుకి పోతే చదివే వాళ్ళు ఒక పని చెయ్యండి, మాకు అప్పుడు తెలియలేదు. అరెస్టప్పుడు చేసే వైద్య పరీక్షలో పాత జబ్బులు, మందులు రాయించండి, ఆ రిపోర్టు నకలు అడగండి, అది మీకు ఇవ్వాలి. మొదటిసారి జడ్జి గారి ముందుకి మనిషినే తీసకపోతారు, వీడియో కాదు, అప్పుడే మందుల సంగతి నోటితో చెప్పించి రిమాండు ఆర్డర్లో రాయమని లాయరు చేత అడిగించండి. లాయర్ని పెట్టుకునే స్తోమతు లేకపోతే కస్టడీలో వున్న ఎవరికైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫోను 15100.

పోయిన నెల సమాచార హక్కు కింద మా బావ హిస్టరీ టికెట్ నకలు అడిగాను. డాక్టరు రాసిన దాని పక్కన ఆ తొమ్మిది రోజులూ ఏం రాశారో చూడాలని. ముప్పై రోజులు మొన్న సోమవారంతో అయిపోయాయి, ఇంకా రాలేదు. అప్పీలు పెడుతున్నా. వచ్చినప్పుడు ఒక కాపీ మీకూ పంపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకుడు, కావలి