పెళ్లికి నీ రంగు ఫౌండేషనే కొనుక్కో

చిన్నీ,

నువ్వు పంపిన ట్రయల్ మేకప్ ఫోటోలు చూశాను. చీర కట్టు బాగుంది, పూలజడ బాగుంది, బుగ్గన చుక్క కూడా చక్కగా కుదిరింది. కానీ ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. ఫోన్లో చెబుదామంటే పక్కన అమ్మ ఉంటుంది, నేను మాట పూర్తి చేసేలోపే "రెండు షేడ్లు తెల్లగా వేస్తేనే ఫోటోల్లో బాగా పడుతుంది" అంటుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అమ్మకి కూడా చదివి వినిపించు.

అమెరికాలో, ఈ ఎడిసన్‌లో మాల్ మేకప్ కౌంటర్ దగ్గర రోజంతా నేను చేసే పని ఇదే కదా. మనవాళ్లు చాలామంది వస్తారు. వచ్చీ రాగానే ఎక్కువమంది అడిగేది తమ రంగు ఫౌండేషన్ (ముఖమంతా ఒకే రంగుగా కనపడేలా పూసేది) సీసా కాదు, దానికంటే ఒకటి రెండు మెట్లు తెల్లగా ఉన్నది. అలా వేసుకుంటే తెల్లబడరు చిన్నీ, ముఖం బూడిద పూసినట్టు అవుతుంది. ఫౌండేషన్‌కి రంగు వచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడితో, ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లతో. షేడ్ తెల్లబడే కొద్దీ అందులో ఆ తెల్ల పొడి వాటా పెరుగుతుంది. కింద ఉన్న మన చామనఛాయ ఎక్కడికీ పోదు, పైన పొరలోంచి తొంగి చూస్తూనే ఉంటుంది, ఆ రెండూ కలిసి కనపడేదే నీ ఫోటోలోని ఆ పాలిపోయిన రంగు. బ్యూటీషియన్ చెయ్యి మంచిదే, కళ్లు ఎంత బాగా దిద్దిందో చూశాను. షేడ్ ఒక్కటే తప్పు.

ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి 2020లో 'ఫెయిర్' తీసేశారు గానీ మన ఇళ్లలోంచి ఆ మాట ఇంకా పోలేదు, అదే నా బాధ. నీ రంగు నాకు చాలా ఇష్టం. పెళ్లి ఆల్బమ్‌లో నువ్వు నువ్వులాగే కనపడాలి.

ఇప్పుడు అసలు పని. తెనాలిలో రకాలు తక్కువ ఉంటే ఒక పూట విజయవాడ వెళ్లు, బీసెంట్ రోడ్డులోనో మాల్‌లోనో టెస్టర్లు పెట్టే షాపు చూసుకో. ముఖానికి ఏమీ రాసుకోకుండా, పగటిపూట వెళ్లు. చేతి మీద రాసి చూపిస్తారు, వద్దని చెప్పు. అరచేయి వెనక రంగు ముఖం రంగుతో కలవదు. దవడ ఎముక దగ్గర, చెంప కిందనుంచి మెడ మీదకి వచ్చేలా మూడు షేడ్లు పక్కపక్కనే గీతలుగా గీయించుకో, షాపు లైట్ల కింద ఏదీ తేల్చకుండా గుమ్మం బయటికి వచ్చి వెలుతురులో అద్దం పట్టుకో. ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే అదే నీది. వెంటనే కొనెయ్యకు, కాసేపు అటూ ఇటూ తిరుగు. కొన్ని రకాలు గాలికి, ముఖం జిడ్డుకి పావుగంటలో ముదురుతాయి, సీసాలో చూసిన రంగు వేరు, ముఖం మీద నిలబడే రంగు వేరు.

తెలుపు నలుపు ఒక్కటే చూస్తే చాలదు, అడుగు ఛాయ కూడా చూడాలి, దాన్నే అండర్‌టోన్ అంటారు. మనవాళ్లలో చాలామందికి పసుపు ఛాయో, కొంచెం ఆకుపచ్చ కలిసిన ఆలివ్ ఛాయో ఉంటుంది. గులాబీ ఛాయ ఉన్న సీసా తీసుకుంటే ఎంత ఖరీదైనదైనా నప్పదు. మణికట్టు నరాలు చూడు, నీలంగా ఉంటే కూల్ (గులాబీ ఛాయ), ఆకుపచ్చగా ఉంటే వార్మ్ (పసుపు ఛాయ) అని వీడియోల్లో చెబుతారు కదా, మన రంగులో నరాలు అంత స్పష్టంగా కనపడవు, దాన్ని నమ్ముకోకు. ఇంకో తిరకాసు ఉంది, మ్యాక్ అనే మేకప్ కంపెనీలో ఎన్.సి. అని ఉన్నవి పసుపు ఛాయవి, ఎన్.డబ్ల్యు. అని ఉన్నవి గులాబీ ఛాయవి. చాలా కంపెనీల్లో దీనికి సరిగ్గా తలకిందులు, సి అంటే కూల్, డబ్ల్యు అంటే వార్మ్. అక్షరం చూసి ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. 2017లో గాయని రిహానా తన మేకప్ కంపెనీ ఫెంటీ బ్యూటీని ఒకేసారి 40 షేడ్లతో తెచ్చాక మిగతావాళ్లూ ముదురు రంగులు పెంచారు, కాబట్టి నీ రంగు దొరకదనే భయం పెట్టుకోకు.

నీకు నుదురు, పెదాల చుట్టూ కాస్త ముదురుగా ఉంటుంది, నాకూ అంతే. దాన్ని కప్పడానికని మొత్తం ముఖానికి మందంగా పట్టించొద్దు. షేడ్ మెడకీ గుండెల పైభాగానికీ కలిసేలా చూసుకుని, నల్లగా ఉన్నచోట మాత్రం ముందు కొంచెం నారింజ రంగు కరెక్టర్ అద్దించుకో. కళ్ల కింద కూడా అదే. ముక్కు పక్కన జిడ్డు, బుగ్గలు పొడి కాబట్టి మొత్తం మ్యాట్ (మెరుపు లేనిది) అయితే బుగ్గలు పొట్టు లేచినట్టు కనపడతాయి. పల్చగా వేసి, ముక్కు, నుదురు దగ్గరే పౌడర్ అద్దమను. ప్రైమర్‌తో (ఫౌండేషన్‌కి ముందు రాసేది) కలిపి ఒకసారి పరీక్షించు, రెండూ పడకపోతే రుద్దగానే చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది.

మన పెళ్లికి తగ్గ జాగ్రత్తలు కొన్ని. నలుగు పెట్టిన రోజు షేడ్ ఎంచుకోకు, పసుపు ఇంకా ఒంటికి పట్టే ఉంటుంది, లెక్క తప్పుతుంది. ముహూర్తం రాత్రిపూట, కాబట్టి ఫోటోలన్నీ ఫ్లాష్‌లోనే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే గుణం) ఎక్కువున్న ఫౌండేషన్లలో కొన్ని ఫ్లాష్ పడితే ముఖాన్ని తెల్లగా వెలగబెడతాయి, చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఒక సెల్ఫీ తీస్తే తెలిసిపోతుంది. ఆ రాత్రికి ఎస్‌పీఎఫ్ లేనిదే మేలు. బాసికం దారం నుదుటి పక్కన రాసుకుంటుంది, హోమం వేడికి చెమట పడుతుంది, అక్కడ టిష్యూతో ఒత్తాలి తప్ప తుడవకూడదు. ఈ పని పిన్ని కూతురికి అప్పజెప్పు, తను నీ పక్కనే కూర్చుంటుంది కదా.

కొత్తది ఏది కొన్నా ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడు. దురద, ఎర్రదనం వస్తే పక్కన పెట్టెయ్. పెళ్లికి వారం ముందు కొత్త ఫేషియల్, కొత్త క్రీమ్ ఏదీ వద్దు, ఎవరు ఎంత మంచిదని చెప్పినా సరే.

మళ్లీ ట్రయల్ వేయించుకున్నాక ఫోటోలు ఇలా తీసి పంపు. ఒకటి డాబా మీద పగటి వెలుతురులో, ఇంకోటి చీకట్లో ఫ్లాష్ వేసి. మెడ పూర్తిగా కనపడాలి, ఫిల్టర్ ఉండకూడదు. షేడ్ తేలాక నంబరు చెబితే, అక్కడ స్టాకు లేకపోతే ఇక్కడ కొని బావతో పంపిస్తాను. నంబరు తేలకుండా మాత్రం కొనను. నాన్నని బీపీ మాత్ర మర్చిపోవద్దన్నానని చెప్పు.

మీ అక్క