వెనక ఎయిర్ సస్పెన్షన్ దిగిపోయిన పాత కార్ల విషయమై మా కస్టమర్లకు

వెనక ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి బెలూన్ల మీద కారును నిలిపే ఏర్పాటు) పనుల విషయంలో మా గ్యారేజీలో ఒక పద్ధతి మారుతోంది. వెనక భాగం దిగిపోయిందని వచ్చిన కారుకు ఇకపై అదే రోజు ఎస్టిమేట్ ఇవ్వము. కారును కనీసం ఒక రాత్రి మా దగ్గర ఉంచుకుని, గాలి ఎక్కడ పోతోందో తేల్చుకున్న తర్వాతే ఏ భాగం మార్చాలో, ఎంత ఖర్చవుతుందో చెబుతాము. ఫోన్ చేసి "కంప్రెషర్ పోయిందంట, మార్చడానికి ఎంతవుతుంది?" అని అడిగేవారికి అప్పటికప్పుడు రేటు చెప్పకపోతే వారిలో కొందరు వేరే చోటికి వెళ్తారని తెలుసు. అయినా ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మీకు వివరంగా చెప్పాలి.

ఈ ఫిర్యాదుతో మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా 2007-2013 మధ్య కాలపు ఏడు సీట్ల బీఎండబ్ల్యూ ఎక్స్5లు, ఆ తరం పొడవాటి 7 సిరీస్‌లు, 5 సిరీస్ గ్రాన్ టురిస్మోలు. వీటికి ముందు చక్రాల దగ్గర మామూలు ఉక్కు స్ప్రింగులే ఉంటాయి. వెనక మాత్రం స్ప్రింగుల స్థానంలో గాలి నింపిన రబ్బరు బెలూన్లు ఉంటాయి. ఇలాంటి కార్లలో చాలా వరకు ఇప్పటికే రెండు మూడు చేతులు మారినవే. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీ పరిధిలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించిన తర్వాత అక్కడి పెద్ద డీజిల్ కార్లు తక్కువ ధరకు ఇటువైపు రావడం మొదలైంది. ఎన్‌వోసీ (పాత రాష్ట్రం ఇచ్చే అనుమతి పత్రం) ఖర్చు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ పైసలతో సహా లెక్క వేసుకునే కొనుగోలుదారు కూడా వెనక బెలూన్ల వయసు ఎంతో అడగరు.

కారు వెనక ఒక కరెంటు కంప్రెషర్, దానికి ఆనుకుని గాలిలోని తేమను పీల్చే డ్రయ్యరు, గాలిని ఎడమకో కుడికో పంపే వాల్వ్ బ్లాక్, అక్కడి నుంచి రెండు బెలూన్లకు వెళ్లే సన్నని ప్లాస్టిక్ పైపులు ఉంటాయి. వెనక చక్రాల ఆర్మ్‌లకు బిగించిన ఎత్తు సెన్సర్లు కారు ఎంత దిగిందో కంట్రోల్ యూనిట్‌కు చెబుతూ ఉంటాయి. డిక్కీలో సామాను పెడితే వెనక దిగుతుంది, యూనిట్ కంప్రెషర్‌ను నడిపి తిరిగి పైకి లేపుతుంది. సామాను తీస్తే ఎక్కువైన గాలిని బయటికి వదిలేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కారులో కంప్రెషర్ రోజు మొత్తంలో పనిచేసేది చాలా కొద్దిసేపే.

బెలూన్ రబ్బరు మడత పడే చోట పదేళ్లకో పన్నెండేళ్లకో సన్నని పగుళ్లు వస్తాయి. అక్కడి నుంచి గాలి కొద్దికొద్దిగా పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెషర్ మాటిమాటికీ నడుస్తుంది, వేడెక్కుతుంది, దాని లోపలి పిస్టన్ రింగు అరిగిపోతుంది. చివరికి ఒకరోజు లేపలేక చేతులెత్తేస్తుంది. స్కానర్ పెట్టి చూస్తే, కారును పైకి లేపడానికి పట్టాల్సిన సమయం మించిపోయిందనే అర్థం వచ్చే కోడ్ కనిపిస్తుంది. ఆ కోడ్ చూసి కంప్రెషర్ మార్చడం ట్యాంకుకు చిల్లు పడితే బోరు మోటారు మార్చినట్టే. కొత్త కంప్రెషర్ కొన్ని నెలలు బాగానే లాగుతుంది కాబట్టి పని సరిగ్గానే జరిగిందని యజమానీ అనుకుంటారు, మెకానిక్కూ అనుకుంటాడు. వేరే చోట ఏడాది తిరగకుండా రెండోసారి కంప్రెషర్ మార్పించుకుని, మూడోదానికి మా దగ్గరికి వచ్చిన కార్లు ఉన్నాయి. వాటి బెలూన్ల మీద అప్పటివరకు ఎవరూ చెయ్యి పెట్టిన ఆనవాళ్లు లేవు.

బయటికి కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పేవారు తక్కువ. డ్రయ్యరులో ఉండేవి సిలికా జెల్ గింజలు, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే చిన్న పొట్లంలో ఉండేవే. బయటి గాలి లోపలికి వెళ్లేటప్పుడు ఈ గింజలు తేమను పట్టుకుంటాయి; కారు దిగడానికి గాలి వదిలినప్పుడు బెలూన్లలోని పొడి గాలి ఇదే దారిన వెనక్కి వస్తూ ఆ తేమను తీసుకుని బయటికి పోతుంది. అంటే డ్రయ్యరు తనను తాను ఆరబెట్టుకునేది గాలి వదిలే సమయంలోనే. బెలూన్‌కు లీకు ఉంటే గాలి ఆ పగులులోంచే పోతుంది, డ్రయ్యరు గుండా వెనక్కి వచ్చేది దాదాపు ఉండదు. లోపలికి వెళ్లేది మాత్రం ఎప్పటికప్పుడు కొత్త తేమ గాలి. విశాఖపట్నం, కాకినాడ నుంచి వచ్చే కార్లలో ఈ ప్రభావం మాకు స్పష్టంగా కనిపిస్తుంది. గింజలు తడిసి పొడి అవుతాయి, ఆ తెల్లని పొడి వాల్వ్ బ్లాక్‌లో చేరి వాల్వులు పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడుతుంది. బ్లాక్ విప్పినప్పుడు లోపల సుద్దపొడి లాంటిది కనిపిస్తే, ఇక బెలూన్, కంప్రెషర్ మార్చినా పని పూర్తి కానట్టే. బ్లాక్ కూడా మార్చాలి. మొదట్లో ఒక బెలూన్‌తో పోయే ఖర్చు మూడు భాగాల ఖర్చయ్యే దారి ఇదే.

ఇక రాత్రి పరీక్ష. సాయంత్రం ఇంజిన్ నడిపి కారును దాని మామూలు ఎత్తుకు తెస్తాము. తర్వాత సస్పెన్షన్ ఫ్యూజ్ తీసేస్తాము. ఇది ముఖ్యమైన మెట్టు. ఎందుకంటే కొన్ని కార్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి తీసిన తర్వాత కూడా యూనిట్ మధ్యమధ్యలో మేలుకుని ఎత్తు సరిచేస్తుంది, ఎడమ దిగితే కుడిని కూడా దానికి సమానంగా దించుతుంది. అలా దించిన కారును ఉదయం చూసినవారు రెండు బెలూన్లూ పోయాయనుకుంటారు. ఫ్యూజ్ తీశాక చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు వరకు రెండువైపులా కొలిచి, ఆ అంకెలను ఫెండర్ మీద అంటించిన టేపు ముక్క మీద రాస్తాము. నేల నుంచి కొలవము. టైరులో గాలి తగ్గితే ఆ కొలత తప్పుతుంది. ఉదయం మళ్లీ కొలుస్తాము. సాయంత్రం నలభై డిగ్రీల వేడిలో కొలిచిన కారు తెల్లవారుజామున ఇరవై ఐదు డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలి ఐదు శాతం దాకా ముడుచుకుంటుంది. అందువల్ల రెండువైపులా సమానంగా ఒక సెంటీమీటరు లోపు దిగడాన్ని మేము లీకుగా లెక్కించము.

ఒకవైపే దిగితే ఆ వైపు బెలూన్, దాని పైపు, లేదా బ్లాక్‌లో ఆ వైపు వాల్వ్. ఈ మూడింటిని విడదీయడానికి బ్లాక్ దగ్గర రెండు పైపులను తారుమారు చేసి ఇంకొక రాత్రి ఉంచుతాము. ముందు దిగిన వైపే మళ్లీ దిగితే తప్పు బెలూన్‌దో పైపుదో. దిగేది రెండోవైపుకు మారితే వాల్వ్‌ది. రెండువైపులా సమానంగా, సెంటీమీటరు కన్నా బాగా ఎక్కువగా దిగితే ముందుగా బ్లాక్‌ను అనుమానిస్తాము. బెలూన్ మీద సర్ఫు నురగ రాసి చూసే పద్ధతి కూడా మంచిదే, కానీ దానికొక పరిమితి ఉంది: పగులు మడత లోపల ఉంటే కారు ఒకానొక ఎత్తులో ఉన్నప్పుడే అది తెరుచుకుంటుంది. ర్యాంపు మీద చక్రాలు వేలాడుతున్నప్పుడు నురగ రాస్తే ఒక్క బుడగా రాకపోవచ్చు. అదే కారును చక్రాల మీద నిలబెట్టి, వెనక సీట్లో ఇద్దరిని కూర్చోబెట్టి రాస్తే మడత అంచున ఆవగింజంత బుడగలు వరుసగా పుట్టుకొస్తాయి.

అన్ని కేసులూ గాలి లీకువే కావు. కారు రాత్రంతా ఎత్తు తగ్గకుండా నిలిచి, ఎప్పుడు చూసినా ఒకవైపుకు ఒరిగి ఉంటే సెన్సర్‌ను ఆర్మ్‌కు కలిపే చిన్న కడ్డీ విరిగిందేమో, దాని కీలు తుప్పు పట్టి బిగుసుకుందేమో చూడాలి. వీల్ అలైన్‌మెంట్ చేయించిన మర్నాడే ఈ సమస్య మొదలైందని చెబితే మా కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. సెల్లార్‌లో వారాల తరబడి కదలకుండా ఉన్న కారైతే బ్యాటరీ బలహీనమై, కంప్రెషర్‌ను నడపడానికి యూనిట్ ఒప్పుకోకపోవచ్చు. కంప్రెషర్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అంటే రిలే, సంగతి కూడా మరువరాదు. లోపల అతుక్కుపోయిన రిలే కంప్రెషర్‌ను ఆపకుండా తిప్పి కాల్చేస్తుంది. కాబట్టి కంప్రెషర్ మార్చిన ప్రతిసారీ రిలే కొత్తది వేస్తాము, అది బిల్లులో కనిపిస్తే అనవసర ఖర్చు అనుకోవద్దు.

ఈ పద్ధతిలో మా స్వార్థం కూడా ఉంది, దాచడం లేదు. లీకు వదిలేసి కంప్రెషర్ వేస్తే, వారంటీ గడువులోనే అది కాలిపోయి మా మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఇకపై రాత్రి పరీక్షలో నిలబడని కారుకు ఒక్క కంప్రెషర్ మాత్రమే మార్చమంటే మార్చము. పరీక్షకు రెండు వేల రూపాయలు తీసుకుంటాము. పని మాకే ఇస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గుతుంది, ఇవ్వకపోతే కొలతలు రాసిన కాగితం మీకు ఇస్తాము, దాన్ని ఏ గ్యారేజీకైనా తీసుకెళ్లవచ్చు.

బెలూన్లు జతగా మార్చాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. రెండూ ఒకే వయసువి కనుక రెండూ మార్చమనే సలహా ఇస్తాము. అయితే రెండోది రాత్రంతా నిలబడి, మడతలో పగుళ్లు లేకపోతే ఒత్తిడి చేయము. స్క్రాప్ కార్ల నుంచి తీసిన బెలూన్లు మాత్రం కస్టమరే తెచ్చి ఇచ్చినా బిగించము. పైపును బిగించే పాత ఇత్తడి ఫిట్టింగును మళ్లీ వాడటం కూడా మా దగ్గర లేదు. పైపు చివరను వంకర లేకుండా అడ్డంగా కోసి కొత్త ఫిట్టింగు వేస్తేనే అక్కడ గాలి ఆగుతుంది.

మొత్తం తీసేసి ఉక్కు స్ప్రింగులు వేయమని అడిగేవారూ ఉన్నారు. కారు విలువ చాలా తగ్గిపోయి, ఇంకో రెండు మూడేళ్లు నడిపితే చాలనుకునేవారికి అది తెలివితక్కువ నిర్ణయమని నేను అనను. కానీ ఆ కారుకోసమే తయారైన కిట్ అయితేనే చేస్తాము. ఇంకో కారు స్ప్రింగును కోసి ఇమిడ్చే పని చేయము. ఏడుగురు ఎక్కితే వెనక దిగే ఉంటుందని, హెచ్చరిక దీపం ఆర్పడానికి కంట్రోల్ యూనిట్‌లో కోడింగ్ చేయాల్సి వస్తుందని, ఎత్తు సెన్సర్లు ఊడబీకితే హెడ్‌లైట్లు తమ దిశను సర్దుకోలేవని ముందే తెలుసుకుని రండి.

మా దగ్గరికి వచ్చేలోపు ఒక జాగ్రత్త. వెనక పూర్తిగా కూర్చున్న కారును నడుపుకుంటూ తేవద్దు. స్పీడ్‌బ్రేకర్ల మీద దెబ్బ నేరుగా షాక్ అబ్జార్బర్లకు తగులుతుంది, టైరు ఫెండర్ లోపలికి రాసుకుంటుంది. ఫ్లాట్‌బెడ్ మీద పంపండి, ఎక్కించేవారికి ఇది ఎయిర్ సస్పెన్షన్ కారని చెప్పండి. ఖాళీ బెలూన్ మీద కారు బరువు ఒక్కసారిగా దించితే రబ్బరు తప్పుడు మడత పడి అక్కడే తెగుతుంది. చక్రం పైనున్న ఖాళీలో చెయ్యి పెట్టి బెలూన్ తడిమి చూసే అలవాటు ఉంటే మానుకోండి, కారు ఏ క్షణంలోనైనా దిగవచ్చు.

పరీక్షకు ఇచ్చే కారును సాయంత్రం ఐదు గంటల లోపు తీసుకురావాలి. డిక్కీలో, మూడో వరుస సీట్ల దగ్గర సామాను ఏమీ లేకుండా ఖాళీ చేసి, ఇంతకుముందు ఎక్కడైనా ఈ పని చేయించి ఉంటే ఆ బిల్లులు వెంట తెస్తే మాకు సగం వెతుకులాట తగ్గుతుంది.